ఊళ్లో క్లబ్బుకి ఏ సాఫ్ట్‌వేర్? ఓపెన్ సోర్సా, కంపెనీదా?

పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఒక యువజన సంఘమో, చిన్న గ్రంథాలయమో, సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెట్టే క్లబ్బో కనిపిస్తుంది. చందాల పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కిద్దాం అనుకోగానే అందరూ "ఫ్రీగా ఏది వస్తుంది?" అని అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఒకటే: వచ్చే ఏడాది కార్యవర్గం మారాక ఈ లెక్కలు కొత్త కార్యదర్శి తెరవగలడా?

1. పనులు విడివిడిగా రాసుకోండి. సభ్యుల జాబితా, జమాఖర్చులు, మినిట్స్ (సమావేశాల నమోదు), కరపత్రాలు. అన్నింటికీ ఒకే రకం సాఫ్ట్‌వేర్ ఉండాలని రూలేం లేదు.

2. ఫ్రీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లైసెన్సు ఇచ్చిన సాఫ్ట్‌వేర్. గూగుల్ షీట్స్‌కి డబ్బు కట్టక్కర్లేదు, కానీ అది కంపెనీ చేతిలోదే. మైక్రోసాఫ్ట్ 365కి చందా కడుతూ ఉండాలి. లిబ్రేఆఫీస్ ఓపెన్ సోర్స్: ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, ఎక్సెల్, వర్డ్ ఫైళ్లు కూడా తెరుస్తుంది. షాపులో ఎక్కించి ఇచ్చే క్రాక్ కాపీ (లైసెన్సు లేని దొంగ కాపీ) మాత్రం వద్దు. అది చట్టవిరుద్ధం, పైగా వైరస్ భయం. నలుగురి చందా డబ్బుతో నడిచే సంఘానికి అది తగని పని.

3. డేటా బయటికి వస్తుందో లేదో పరీక్షించండి. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఇంటిపేర్లతో సహా తెలుగులో ఇరవై మంది సభ్యుల పేర్లు ఎక్కించండి. దాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా (చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగలిగే సాదా పట్టిక) దించి, పెన్‌డ్రైవ్‌లో వేసి, వేరే కంప్యూటర్లో లిబ్రేఆఫీస్ కాల్క్‌తో (అందులో ఎక్సెల్ లాంటిది) తెరవండి. తెరిచేటప్పుడు అక్షరాల సెట్ ఏదని అడుగుతుంది, యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరాలు తెలుగుగానే నిలిచే పద్ధతి. (ఎక్సెల్‌లో నేరుగా డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోసారి తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కంగారు పడొద్దు, ఫైల్ పాడవలేదు.) పేర్లు, ఫోన్ నంబర్లు, కట్టిన చందా అన్నీ సరిగ్గా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ పాసైనట్టే. డేటాను బయటికి దించే దారే లేకపోతే ఎంత బాగున్నా వదిలేయండి.

నెట్ ఆపేసి కూడా చూడండి. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఆన్‌లైన్‌లో మాత్రమే ఉండే లెక్కలు అలాంటప్పుడు అక్కరకు రావు.

4. తెలుగు సంగతి చూడండి. సావనీర్లు, ఆహ్వానాలు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే వేయించాం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పాత సభ్యుల పేర్లు వెతుకుదామన్నా దొరకవు. ఇక నుంచి యూనికోడ్‌లోనే టైప్ చేయండి. మాటర్‌కి మండలి, శీర్షికలకి రామభద్ర లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. ప్రెస్సుకి పీడీఎఫ్ ఇచ్చినా, టైప్ చేసిన అసలు ఫైల్ క్లబ్బు దగ్గరే ఉంచుకోండి.

5. ఎవరు నడుపుతారు? కోశాధికారికి టాలీలో (కంపెనీ అమ్మే లెక్కల సాఫ్ట్‌వేర్) చేయి తిరిగి ఉండి, ఆడిటర్ కూడా అదే అడిగితే టాలీయే ఉంచండి. ఓపెన్ సోర్స్ మీద అభిమానంతో ఆయన్ని గ్నూక్యాష్ (ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్చుకోమని ఒత్తిడి చేస్తే లెక్కలే ఆగిపోతాయి. గ్రంథాలయానికి కోహా చాలా మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, న్యూజిలాండ్‌లో పుట్టింది. కానీ అది నడిచే సర్వర్ కంప్యూటర్‌ని చూసుకునే మనిషి కావాలి. కొన్ని వందల పుస్తకాలకి కాల్క్ షీటు చాలు.

చిన్న క్లబ్బుకి నేను చెప్పేది: జాబితా, మినిట్స్, ఉత్తరాలు లిబ్రేఆఫీస్‌లో. జమాఖర్చులు కోశాధికారికి వచ్చిన దాంట్లో, నెలకోసారి కాపీ దించే షరతు మీద.

6. తీర్మానం రాయండి. ఈమెయిల్, ఖాతాలు క్లబ్బు పేరు మీదే ఉండాలి, ఒకరి సొంత ఫోన్ నంబరుతో ముడిపడకూడదు. పాస్‌వర్డ్‌లు సీలు వేసిన కవర్లో అధ్యక్షుడి దగ్గర ఉంచండి. కాపీలు రెండు పెన్‌డ్రైవ్‌లలో, రెండు ఇళ్లలో. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక ఊళ్లు మునిగాయి. అలాంటి ఊరైతే ఒక కాపీ గట్టు ఇవతల ఉన్న సభ్యుడికి ఇవ్వండి.