నల్ల పట్టీలు చూసి జూమ్ నొక్కకండి

నేను 19 ఏళ్లు మా ఊరి థియేటర్లో ఆపరేటర్‌గా పనిచేశాను. స్కోప్ సినిమా, అంటే బాగా వెడల్పుగా కనిపించే సినిమాస్కోప్ బొమ్మ, దాని రీలు ముక్క ఒకటి ఇప్పటికీ దాచుకున్నాను. వెలుతురుకి ఎత్తి చూస్తే అందులో మనుషులు తాటిచెట్లలా సన్నగా, పొడుగ్గా ఉంటారు. బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీదకి ఎక్కిస్తారు. క్యాబిన్‌లో స్కోప్ లెన్స్ బిగిస్తే అది రెండింతలు సాగి, తెర ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుంటుంది. తెలుగులో ఆ వైభవం 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది.

మొన్న మా అమ్మాయి వాళ్లింట్లో అల్లుడు ఓ స్కోప్ సినిమా పెట్టాడు. పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ నొక్కాడు. "ఇప్పుడు స్క్రీన్ నిండింది కదా మావయ్యగారూ!" అన్నాడు. టైటిల్స్ పడుతుంటే పేర్లకి మొదటి అక్షరం లేదు, చివరి అక్షరం లేదు. ప్రాణం ఉసూరుమంది. టేపు తెమ్మన్నాను.

వాళ్లది 43 అంగుళాల టీవీ. తెర వెడల్పు సుమారు 37 అంగుళాలన్నర, ఎత్తు 21. అంటే ఎత్తుకి వెడల్పు 1.78 రెట్లు, దీన్నే 16:9 అంటారు. స్కోప్ బొమ్మ మాత్రం ఎత్తుకి 2.35 లేదా 2.39 రెట్లు వెడల్పుంటుంది. అది పూర్తిగా పట్టాలంటే పైనా కిందా రెండున్నర, మూడు అంగుళాల చొప్పున నల్లగా మిగలాల్సిందే. జూమ్ చేస్తే ఆ నలుపు నిండుతుంది, పక్కల్లోంచి నాలుగో వంతు బొమ్మ పోతుంది. ఇద్దరు చెరో అంచునా నిలబడి మాట్లాడుకుంటుంటే ముక్కులే మిగులుతాయి.

మెనూలో పిక్చర్ సైజ్, ఆస్పెక్ట్ రేషియో, వైడ్ మోడ్... ఏదో ఒక పేరుతో ఈ సెట్టింగ్ ఉంటుంది. అక్కడ 16:9 గానీ, ఒరిజినల్ గానీ పెట్టండి. ‘జస్ట్ స్కాన్’, ‘ఫిట్ టు స్క్రీన్’ లాంటివి కనిపిస్తే ఆన్ చేయండి. లేకపోతే కొన్ని టీవీలు నాలుగు అంచులనీ కాస్త కాస్త కోసేస్తాయి. సెట్‌టాప్ బాక్స్‌లో కూడా విడిగా ఇలాంటిదే ఉంటుంది, దాన్నీ సరిచూడాలి. కంప్యూటర్లో వీఎల్‌సీ వాడేవాళ్లు పొరపాటున ‘సి’ నొక్కితే బొమ్మ కోసుకుపోతుంది, ‘ఎ’ నొక్కితే ఆకారం మారిపోతుంది. సరైన చోటుకి వచ్చేదాకా అదే మీట మళ్లీ మళ్లీ నొక్కండి.

నలుపు తెలుపు సినిమాల కథ వేరు. 1957 నాటి ‘మాయాబజార్’ లాంటివి దాదాపు చతురస్రం, 1.37. వాటికి నలుపు పక్కల్లో రావాలి. జూమ్ చేస్తే పైనా కిందా తెగుతుంది. నాట్యం చేసేవాళ్లకి పాదాలే ఉండవు. గజ్జెల చప్పుడు వినిపిస్తూ పాదాలు కనిపించకపోతే ఇంకేం చూస్తాం? కొందరు కొయ్యకుండా సాగదీస్తారు, అదీ తప్పే. ఓసారి అలాంటి బొమ్మలో గోడ గడియారం కనిపిస్తే ఆపి కొలిచాను. అడ్డంగా 12 సెంటీమీటర్లు, నిలువుగా 9. గుండ్రటి గడియారం కోడిగుడ్డయింది! మీరూ ఎదురుగా కనిపించే పళ్లెమో, నిండు చంద్రుడో వచ్చినప్పుడు ఆపి స్కేలు పెట్టండి. రెండు కొలతలూ ఒకటైతే సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టు.

జూమ్ వాడాల్సిన చోటు ఒకటుంది. పాత డీవీడీల్లో కొన్ని 4:3 ఆకారపు పాత డబ్బా టీవీల కోసం చేసినవి; స్కోప్ సినిమాకి నల్ల పట్టీలు డిస్కులోనే కలిపేశారు. ఇప్పటి టీవీలో వేస్తే నాలుగు పక్కలా నలుపు, మధ్యలో చిన్న బొమ్మ. అప్పుడు జూమ్ నొక్కండి, బొమ్మ ఏమీ పోదు. పక్కల నలుపు తగ్గి, పైనా కిందా మాత్రం మిగిలితే అదే సరైన సైజు. చానల్ వాళ్లే కోసి వేస్తే మాత్రం మన రిమోట్ ఏమీ చేయలేదు, వేరే కాపీ వెతుక్కోవాలి.

ఇక ఆ పట్టీలు కంటికి అడ్డంగా అనిపిస్తే ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. థియేటర్లో తెర చుట్టూ నల్లగుడ్డ కట్టేది అందుకే. అల్లుడి చేత ఆ రాత్రి టీవీ వెనక జీరో బల్బు ఒకటి పెట్టించి, సినిమా మళ్లీ టైటిల్స్ నుంచి వేయించాను.