ప్రసవ ఎపిడ్యూరల్ – 3వ పాఠం: రెసిస్టెన్స్ పోయే క్షణం

ఎపిడ్యూరల్ అంటే వెన్నుపామును కప్పే పొర (డ్యూరా) బయటి సందులోకి మందు పంపి ప్రసవ నొప్పి తగ్గించడం. పోయిన పాఠంలో కూర్చోబెట్టడం, క్లోర్‌హెక్సిడిన్ (క్రిమినాశని) ఆరనివ్వడం, చర్మానికి లోకల్ (మొద్దుబార్చే మందు) ఇవ్వడం దాకా వచ్చాం. ఇక సూది. పక్కన సీనియర్ లేకుండా దీన్ని ముట్టుకోవద్దు.

మనకు ఎక్కువగా దొరికేది 18 గేజ్ టువోహి సూది (కొన వంకరగా ఉండేది), 20 గేజ్ కాథెటర్ (మందు పంపే సన్నని గొట్టం). సూది మీద ప్రతి సెంటీమీటరుకూ గీత ఉంటుంది. కొన వంకర తల వైపు ఉండేలా పట్టుకుని, స్టైలెట్‌తోనే (సూది లోపలి తీగ) ఎల్3–4, అంటే నడుములోని 3, 4 వెన్నుపూసల మధ్య 2–3 సెం.మీ. దింపండి. చెయ్యి వదిలితే సూది నిటారుగా నిలవాలి. వాలిపోతే ఇంకా కొవ్వులోనే ఉన్నట్టు.

స్టైలెట్ తీసి, 5–6 మి.లీ. సెలైన్ నింపిన ఎల్ఓఆర్ సిరంజి (లాస్ ఆఫ్ రెసిస్టెన్స్, అంటే అడ్డు పోవడాన్ని చూపేది) బిగించండి. పిస్టన్‌ను ముందే రెండుసార్లు ఆడించి తడపండి. పొడిగా ఉంటే పట్టేసి లేని రెసిస్టెన్స్ చూపిస్తుంది. గాలితో చేసేవాళ్లూ ఉన్నారు. పొరపాటున డ్యూరా చిల్లుపడితే ఆ గాలే తలనొప్పి తెస్తుంది కాబట్టి మా ఓటు సెలైన్‌కే.

అసలు కీలకం ఎడమచెయ్యి. వేళ్ల వెనక భాగం వీపుకు గట్టిగా ఆనాలి, బొటనవేలు, చూపుడువేలు హబ్‌ను (సూది వెనక కొసను) పట్టుకోవాలి. కుడి బొటనవేలు పిస్టన్‌ను ఎడతెగకుండా నొక్కుతూ ఉంటే, సూది మిల్లీమీటరు మిల్లీమీటరుగా కదలాలి. బ్రేకు ఎడమచేతిదే. అది వీపును వదిలిందా, గర్భిణి ఉలిక్కిపడగానే సూది డ్యూరాలో ఉంటుంది. అందుకే, ‘నొప్పి వస్తుంటే ముందే చెప్పమ్మా’ అని అడిగి, నొప్పి తగ్గేదాకా సూదిని ఉన్నచోటే ఆపండి.

ఫ్లేవం (ఎపిడ్యూరల్ స్పేస్‌కు ముందుండే లిగమెంట్) దగ్గర గట్టి రబ్బరులో దిగినట్టుంటుంది. తర్వాత పిస్టన్ ఒక్కసారిగా జారిపోతుంది, చాలామందిలో 4–6 సెం.మీ. దగ్గర. గర్భిణిలో లిగమెంట్లు మెత్తబడతాయి కాబట్టి ఇంటర్‌స్పైనస్‌లోనే (ఫ్లేవంకు ముందు వచ్చే లిగమెంట్) ఉత్తుత్తి జారుడు తగలొచ్చు. మరో 1 మి.లీ. ఎక్కించి చూడండి: పిస్టన్ వెనక్కి తన్నితే ఇంకా చేరలేదు. హబ్‌లోంచి చుక్కలు వస్తే గాభరా వద్దు. సెలైన్ చల్లగా ఉంటుంది, కాసేపటికి ఆగుతుంది. వెచ్చగా ఆగకుండా కారేది సీఎస్ఎఫ్ (డ్యూరా లోపలి ద్రవం).

కాథెటర్ నొప్పుల మధ్య విరామంలోనే ఎక్కించండి. నొప్పి సమయంలో లోపలి సిరలు ఉబ్బి ఉంటాయి. ఎక్కకపోతే సూదిలోంచి దాన్ని వెనక్కి లాగొద్దు, కొన అంచుకు తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. రెండూ కలిపే తీయాలి.

లెక్క తేలికే: జారుడు 5 సెం.మీ. దగ్గరైతే, స్పేస్ లోపల 5 సెం.మీ. కాథెటర్ వదలాలి, చర్మం దగ్గర కాథెటర్ మీది 10 గీత, అంటే జంట గీత. నడుము నిటారుగా చేయించాకే ప్లాస్టర్ వేయండి; వంగి ఉండగా అంటిస్తే, ఆమె నిటారైనప్పుడు కాథెటర్ ఎపిడ్యూరల్ స్పేస్‌లోంచి బయటికి జరగొచ్చు. సిరంజితో లాగితే రక్తం వస్తే 1 సెం.మీ. వెనక్కి తీసి సెలైన్ పంపి మళ్లీ లాగండి. ఇంకా వస్తుంటే వేరే వెన్నుపూసల సందు.

ఓ ముచ్చట: మత్తు వైద్యుడు టువోహి ఈ సూదిని వాడింది స్పైనల్‌కు (డ్యూరా లోపలికి మందు పంపే పద్ధతి). 1947లో క్యూబాలోని హవానాలో కుర్బెలో అనే వైద్యుడు దాన్ని ఎపిడ్యూరల్‌కు మళ్లించాడు.

వచ్చే పాఠం: కాథెటర్ కొన సరైన చోట ఉందో చూసే, అడ్రినలిన్ కలిపిన 3 మి.లీ. టెస్ట్ డోస్. అప్పటిదాకా ఈ కాథెటర్‌లోకి మందు పంపొద్దు.