తక్కువ పందేల పోకర్ – 4వ పాఠం: ఫ్లాప్ కలిసొచ్చాక ఎంత పెట్టాలి?

కిందటి పాఠంలో ఏ ముక్కలతో ఆటలోకి దిగాలి, ఏ సీటు నుంచి ఎంత రైజ్ చేయాలి (పందెం పెంచాలి) అన్నది చూశాం. ఈసారి అందరూ ఎదురుచూసే ఘట్టం. ఫ్లాప్ (అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడింది, మనకు కలిసొచ్చింది. ఇక డబ్బు దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఎదుటివాడి దగ్గర నుంచి దాన్ని మనమే లాగాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటం నిషేధం. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ అదే మాట చెప్పింది. కాబట్టి కింద వచ్చే సెంట్ల లెక్క న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్ లాంటి, లైసెన్సు ఉన్న సైట్లు నడిచే చోట్ల ఆడేవారి కోసం. ఇక్కడున్నవారు ఉత్తుత్తి చిప్స్‌తో సాధన చేసుకోండి. సెంట్ల స్థానంలో చిప్స్ అనుకుంటే లెక్క మారదు.

మనవాళ్లలో చాలామంది పోకర్‌కి మూడుముక్కలాట నుంచి వస్తారు. అక్కడ ఒకే అంకె ముక్కలు మూడు పడితే ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా, నెమ్మదిగా, చిన్న చిన్న పందేలతో లాగడం అలవాటు. ఆ ఆటలో అది చెల్లుతుంది, ఎందుకంటే ఎదుటివాడి చేతిలో ఉన్న మూడు ముక్కలు ఇక మారవు. మనం నేర్చుకుంటున్న పోకర్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద ఉమ్మడిగా ఐదు). ఇందులో ఫ్లాప్ తర్వాత ఇంకా రెండు ముక్కలు తిరగాలి. మీరు దాక్కున్నంతసేపూ అవతలివాడి హ్యాండ్ ఉచితంగా ఎదుగుతూ ఉంటుంది. పైగా మీ దగ్గర డబ్బు పెట్టించుకోగలిగే రౌండ్లు మూడే: ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క). అందులో ఒకటి వదిలేస్తే ఎంత పోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక సెంటు, రెండు సెంట్ల బ్లైండ్ల (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేల) టేబుల్. ఇద్దరి దగ్గరా రెండేసి డాలర్లు. మీరు బటన్ మీద (ఫ్లాప్ నుంచి ప్రతి రౌండులో చివరగా ఆడే సీటులో) ఉన్నారు, చేతిలో కళావరు ఎనిమిది, డైమండ్ ఎనిమిది. ఆరు సెంట్లకు రైజ్ చేశారు. స్మాల్ బ్లైండ్ పెట్టినవాడు ఫోల్డ్ (ముక్కలు వదిలేశాడు), బిగ్ బ్లైండ్ పెట్టినవాడు కాల్ (మీ అంతే పెట్టాడు). పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బులో) 13 సెంట్లు. ఫ్లాప్: ఆఠీను రాజు, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను మూడు. మీకు సెట్ (చేతిలోని జతతో కలిసి ఒకే అంకెవి మూడు) పడింది. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో సెట్ గానీ అంతకన్నా మంచిది గానీ తగిలే అవకాశం సుమారు 12 శాతమే. ఇంత అరుదుగా వచ్చేదాన్ని చవగ్గా అమ్మకూడదు.

బిగ్ బ్లైండ్ చెక్ చేశాడు (పందెం పెట్టకుండా వంతు మీకు వదిలాడు). మీ వేలు కూడా చెక్ బటన్ మీదకే పోతుంది, 'వాడు పారిపోతాడేమో' అని. ఇప్పుడు లెక్క చూడండి.

ప్రతిసారీ పాట్‌లో ముప్పావు వంతు పెడితే ఫ్లాప్‌లో 10, టర్న్‌లో 25, రివర్‌లో 62. అవతలివాడు చివరిదాకా కాల్ చేస్తే అతని నుంచి 97 సెంట్లు. ప్రతిసారీ సగం పెడితే 7, 13, 26, అంటే మొత్తం 46. ఫ్లాప్‌లో చెక్ చేసి, తర్వాతి రెండుసార్లూ ముప్పావు పెడితే 10, 25, అంటే 35.

97 ఎక్కడ, 35 ఎక్కడ! తేడా 62 సెంట్లు, అంటే 31 బిగ్ బ్లైండ్లు. ఈ 62 ఎక్కడిదో గమనించారా? రివర్ పందెం మొత్తం. ఫ్లాప్‌లో చెక్ చేసినవాళ్లు '10 సెంట్లేగా వదిలింది' అనుకుంటారు. వదిలింది ఆఖరి 62ని. పాట్ పెరిగేకొద్దీ దాన్నిబట్టి పెట్టే పందెమూ పెరుగుతుంది కాబట్టి, ముందు ఏ రౌండు వదిలినా కోత పడేది చివరి పెద్ద పందెం మీదే. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి.

మరి 10 సెంట్లు పెడితే వాడు నిజంగా పారిపోడా? పారిపోయేవాడి దగ్గర ఏముందో ఆలోచించండి: రాజు లేదు, ఎనిమిది లేదు, ఆఠీన్లు లేవు. అలాంటివాడికి మీరు ఉచితంగా ఒక ముక్క చూపించినా తర్వాత 62 పెట్టడు. డబ్బిచ్చేది ఎవరంటే రాజుతో ఏదో ఒక ముక్క పట్టుకున్నవాడు, తొమ్మిదుల జతో పదుల జతో పట్టుకుని 'బ్లఫ్ అయ్యుంటుందిలే' అనుకునేవాడు, రెండు ఆఠీన్లతో కలర్ కోసం చూస్తున్నవాడు. ఈ టేబుళ్లలో రాజు చూసినవాడు 4 సెంట్లకు ఎంత తేలిగ్గా కాల్ చేస్తాడో 10కీ అంతే తేలిగ్గా చేస్తాడు. అతను చూసేది తన ముక్కల్ని, మీ పందెం పరిమాణాన్ని కాదు.

కలర్ కోసం చూసేవాడి సంగతి కాస్త విడిగా. అతనికి పనికొచ్చే ఆఠీన్లు తొమ్మిది, మనకు కనపడని ముక్కలు 47. తర్వాతి ముక్కకే కలర్ పడే అవకాశం 19 శాతం. మీ ముప్పావు పందానికి కాల్ చేయడం గిట్టుబాటు కావాలంటే అతనికి 30 శాతం కావాలి. అంటే ప్రతి కాల్‌కూ కొంత మీకు సమర్పించుకుంటున్నాడు. చెక్ చేశారంటే అదే ముక్కను ఉచితంగా చూపించినట్టు. ఒకవేళ టర్న్‌లోనే ఆఠీను పడినా సెట్ చచ్చిపోలేదు: రివర్‌లో బోర్డు (టేబుల్ మీది ముక్కలు) జతపడితే ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు), మిగిలిన ఎనిమిది వస్తే నాలుగూ మీవే. మొత్తం 46లో 10 ముక్కలు. అలాంటప్పుడు పందెం సగానికి తగ్గించండి, లేదా ఒకసారి చెక్ చేయండి.

మన ఉదాహరణలో మాత్రం టర్న్ డైమండ్ ఐదు. ఏమీ మారలేదు. 25 పెట్టండి. ఆలోచించడానికి టైమ్ బ్యాంక్ కూడా వాడకండి.

రివర్ కళావరు జాకీ. చాలామంది చెయ్యి వణికేది ఇక్కడే. పాట్‌లో 83 ఉంటే 15 పెట్టి 'షో చేయించుకుంటే చాలు' అనుకుంటారు. 62 పెట్టినప్పుడు అతను మూడుసార్లలో ఒక్కసారే కాల్ చేశాడనుకోండి, సగటున 20కి పైగా వస్తుంది. 15 పెట్టి ప్రతిసారీ కాల్ తీసుకున్నా దానికన్నా తక్కువే. పైగా రాజు పట్టుకుని ఇంతదాకా వచ్చినవాడు మూడుసార్లలో ఒకసారి కన్నా ఎక్కువే కాల్ చేస్తాడు. ప్రతిదానికీ కాల్ చేసే మనిషని ముందే తెలిస్తే ముప్పావు కూడా తక్కువే, పాట్ మొత్తం పెట్టండి: 13, 39, 117. అప్పటికీ మీ స్టాక్‌లో ఇంకా 25 మిగులుతుంది. రెండు డాలర్లూ మధ్యలోకి వెళ్లాలంటే మొదటి రౌండు నుంచే పెట్టాలని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇదంతా సెట్, రెండు జతల గురించి. ఒకే జత ఉంటే దూకుడు కాస్త తగ్గాలి. ఆసు-రాజు చేతిలో ఉండి, బోర్డు మీద రాజు, ఎనిమిది, మూడు వేర్వేరు రంగుల్లో పడితే ఫ్లాప్, టర్న్ రెండూ ముప్పావు పెట్టొచ్చు. రివర్‌లో అవతలివాడు కాల్ చేసే రకమైతేనే మూడోసారి. అదే చేతిలో ఆసుల జత ఉండి, బోర్డు మీద ఆఠీను జాకీ, ఆఠీను పది, కళావరు తొమ్మిది పడితే ఫ్లాప్‌లో గట్టిగా పెట్టండి. తర్వాత రాణి గానీ ఎనిమిది గానీ ఆఠీను గానీ వచ్చిందంటే ఆగిపోండి. ఆసులే కదా అని మొండికేయొద్దు.

ఇంకో సంగతి, దీనికి కొత్తవాళ్లు బాగా ఖర్చుపెడతారు. ఇప్పటిదాకా కాల్ మాత్రమే చేస్తూ వచ్చిన మనిషి టర్న్‌లోనో రివర్‌లోనో హఠాత్తుగా పెద్ద రైజ్ చేస్తే నమ్మండి. ఈ పందేల్లో అది చాలావరకు రెండు జతలో అంతకు మించో. బ్లఫ్ అని అనుమానపడటం సరదాగా ఉంటుంది గానీ, అక్కడ ఒక్క జతతో ఆడేవాడు మిగలడు. ఫోల్డ్. సెట్ ఉంటే మాత్రం వెనక్కి తగ్గొద్దు, ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేయండి).

దాక్కోవడం ఎప్పుడూ తప్పేనా అంటే, రెండు సందర్భాల్లో కాదు. మీ ఎనిమిదుల జతకు బోర్డు మీద మిగతా రెండు ఎనిమిదులూ పడి నాలుగూ మీవే అయినప్పుడు, ఎదుటివాడికి ఏదో ఒకటి తగలనివ్వాలి. మీకన్నా తర్వాత ఆడే మనిషి మీరు చెక్ చేసిన ప్రతిసారీ పందెం పెట్టే దుందుడుకు రకమైనప్పుడు, పెట్టనివ్వండి. ఈ రెండో రకం మనిషి చిన్న టేబుళ్లలో మీరు అనుకున్నంత తరచుగా దొరకడు.

సైట్‌లో బెట్ బటన్లు మార్చుకునే వీలుంటే ఒకదాన్ని ముప్పావుకు, ఇంకోదాన్ని పూర్తి పాట్‌కు పెట్టుకోండి. స్లైడర్ జరుపుతూ కూర్చుంటే టెన్షన్‌లో వేలు చిన్న అంకె దగ్గరే ఆగుతుంది. ఎవరైనా రెండో జతతో (బోర్డు మీది రెండో పెద్ద ముక్కతో కుదిరిన జతతో) రివర్‌దాకా కాల్ చేసి చూపిస్తే అప్పటికప్పుడే అతని పేరు పక్కన నోట్ రాసుకోండి.

ఈ వారం అభ్యాసం. బటన్‌కు ముందు సీటు నుంచి ఆసు-రాణితో ఆరు సెంట్లకు రైజ్ చేశారు, బిగ్ బ్లైండ్ మాత్రమే కాల్. ఫ్లాప్: ఇస్పేటు రాణి, ఇస్పేటు తొమ్మిది, డైమండ్ నాలుగు. మీరు 10, అతను కాల్. టర్న్: ఆఠీను రెండు. మీరు 25 పెట్టారు. (అ) ఇప్పటిదాకా ఒక్క రైజ్ కూడా చేయని అతను 75 చేశాడు. ఏం చేస్తారు? (ఆ) రైజ్ కాకుండా కాల్ చేశాడు, రివర్ కళావరు ఆరు, అతను చెక్. ఎంత పెడతారు, అతని చేతిలో ఏయే ముక్కలు ఉంటే ఆ పందానికి కాల్ చేస్తాడు? (ఆ) కి జవాబు అంకెగా చాలదు, ఆ ముక్కల జాబితా కూడా రాయండి. అయిదో పాఠం ఆ జాబితాతోనే మొదలవుతుంది.