క్రైమ్ థ్రిల్లర్‌లో దెబ్బ పాఠకుడికి తగలాలంటే

కొత్తగా థ్రిల్లర్లు రాసేవాళ్ళు చూడమని పంపే కథల్లో మూడో పేజీకల్లా ఒక గొంతు తెగుతుంది. పదో పేజీకి ఇంకో ఇద్దరు పోతారు. ఇరవయ్యో పేజీకి గోడౌన్, పదిహేను మంది రౌడీలు, ఇనుప రాడ్లు, పైన వర్షం. రాసినవాళ్ళకి చేతులు నొప్పి పుట్టి ఉంటాయి గానీ చదివే నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. కారణం ఒక్కటే. ఆ దెబ్బల వల్ల ఎవరికి ఏం పోయిందో రాసినవాళ్ళు ముందే తేల్చుకోలేదు.

ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఒక పేపర్‌కి క్రైమ్ వార్తలు రాసేదాన్ని. ఇప్పుడు వెబ్ సిరీస్‌లకి సీన్లు రాస్తున్నాను. రెండు చోట్లా పనికొచ్చిన పద్ధతే ఇక్కడ చెప్తున్నాను.

ఫైట్ మొదలుపెట్టకముందు ఒక కాగితం తీసుకుని ఈ ప్రశ్నకి జవాబు రాయండి: రేపు పొద్దున్న లేచాక ఇతనికి మళ్ళీ దక్కనిది ఏది?

"ప్రాణం" అని రాయొద్దు. అరవయ్యో పేజీలో హీరో చావడని పాఠకుడికి తెలుసు. నిజంగా పోవడానికి వీలున్నవి రాయండి. ఉద్యోగం, డ్రైవింగ్ లైసెన్సు, కుడి చేతి పట్టు, ఆ వీధిలో తలెత్తుకుని నడిచే హక్కు, అమ్మ నమ్మకం. ఇవి పోతాయి. పోయినా కథ నడుస్తుంది, ఇంకా బాగా నడుస్తుంది.

ఒక కథ అనుకుందాం. సింహాద్రికి ఈఎంఐ మీద తీసుకున్న టాటా ఏస్ ఉంది. చింతపల్లి వైపు నుంచి నర్సీపట్నానికి పసుపు బస్తాలు దింపుతాడు. అమ్మ పోయాక పెంచింది అక్క. ఆ అక్క మొగుడు ఒకరోజు బస్తాల కింద గంజాయి పెట్టాడు. సింహాద్రికి విషయం సగం దారిలో తెలిసింది.

ఇక్కడ చాలామంది వెంటనే ఒక విలన్‌ని దింపుతారు. నల్ల స్కార్పియో, నలుగురు అనుచరులు, సింహాద్రి అక్కని ఎత్తుకుపోవడం. ఆగండి. ఎత్తుకుపోయిన ఆడమనిషికి ఆ కథలో సొంతంగా ఒక కోరిక, ఒక మొండితనం, ఒక తప్పు లేకపోతే ఆమె కోసం పాఠకుడు కంగారుపడడు, హీరో ఎప్పుడొస్తాడా అని మాత్రమే చూస్తాడు. అక్కకి ఊళ్ళో చీటీ ఉంది, ఈ నెల పాట తనే ఎత్తాలి, ఆ డబ్బుతో మొగుడికి తెలియకుండా కూతుర్ని హాస్టల్లో వెయ్యాలి అని రాయండి. అప్పుడు ఆమెకి ఏమైనా అయితే పోయేది ఎవరిదో కనిపిస్తుంది. హీరోకి కోపం తెప్పించడానికి ఆడపిల్ల మీద అఘాయిత్యం పెట్టే సీన్లయితే నేను చదవకుండానే కొట్టేస్తాను. అక్కడ బాధ ఆమెది, కథ మాత్రం వాడిది.

ఇప్పుడు లెక్క చూడండి. మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష కనీసం 10 ఏళ్ళు, 20 ఏళ్ళ దాకా వెయ్యొచ్చు. పైగా 37వ సెక్షన్ వల్ల బెయిల్ రావడం చాలా కష్టం. 20 లోపు ఉంటే 10 ఏళ్ళ దాకా పడొచ్చు గానీ, ఆ కనీస శిక్షా లేదు, బెయిల్ దగ్గర ఆ గోడా లేదు. బండిలో ఇప్పుడు 18 కిలోలున్నాయి. లంబసింగి దాటాక ఒక మలుపు దగ్గర బావ ఆపించి, ఇంకో 3 కిలోల కట్ట పెట్టబోతున్నాడు. తుపాకీ లేదు, గ్యాంగ్ లేదు. ఆ కట్ట లోపలికి వెళ్తే సింహాద్రి జీవితంలో పదేళ్ళు పోతాయి. దాన్ని ఆపాలంటే అక్క మొగుడి మీద చెయ్యి చేసుకోవాలి. మన ఇళ్ళల్లో ఆ మాట ఎంత దూరం వెళ్తుందో మీకు చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళకి పిలుపులు ఆగిపోతాయి. పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు భోజనాల దగ్గర ఎత్తుతారు.

ఫైట్ అంటే ఇది. ఇక రాయడం.

మొదట ఎక్కువమంది రాసే తీరు: "సింహాద్రి కళ్ళు నిప్పులు చెరిగాయి. ఒక్క ఉదుటున దూకి, బావ కాలర్ పట్టుకుని, గాల్లోకి లేపి, బండికేసి కొట్టి, గుండెల మీద తన్ని, కింద పడేసి..."

ఈ "పట్టుకుని, లేపి, కొట్టి, తన్ని, పడేసి" ఉంది చూశారూ, తెలుగులో ఫైట్లని చంపేది ఇదే. ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి, ఏ దెబ్బా ఆగదు, చదివేవాడి కన్ను వాక్యం చివరికి పరుగెడుతుంది. దెబ్బ తగలాల్సిన చోట క్రియని పూర్తి చేసి చుక్క పెట్టండి. ఇలా:

"ఒగ్గీ బావా. నానొల్లను."

బావ వినలేదు. కట్టని బస్తా కిందకి తొయ్యబోయాడు. సింహాద్రి గుద్దాడు. ఎక్కడ గుద్దాడో చూసుకోలేదు. చెవి పైన తగిలింది. బావ తలగుడ్డ ఊడిపోయింది. సింహాద్రి చేతిలో, చిటికెన వేలు వైపు, ఏదో టక్కుమంది. నొప్పి ఇంకా రాలేదు. బావ బండి వెనక డాలా పట్టుకుని నిలబడ్డాడు. తిరిగి కొట్టలేదు.

"మీ యక్కకి ఏటని సెప్తావురా?" అన్నాడు.

ఒకే ఒక్క గుద్దు. అందులో "టక్కుమంది" అన్నది ఊరికే పెట్టలేదు. పిడికిలితో తలని కొడితే చిటికెన వేలు కింది ఎముక విరగడం మామూలు. డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే అంటారు. పుర్రె గట్టిది, చేతి ఎముకలు సన్నవి. సినిమాల్లో వంద గుద్దుల తర్వాత హీరో చెయ్యి దులుపుకుని వెళ్ళిపోతాడు. మీరు మాత్రం విరగ్గొట్టండి, ఎందుకంటే తర్వాతి సీన్ అక్కడే పుడుతుంది.

సింహాద్రి ఇప్పుడు ఘాట్ దిగాలి. మన బండ్లలో స్టీరింగ్ కుడివైపు, గేరు ఎడమ చేతికి. కుడి చెయ్యి పని చెయ్యదు. కాబట్టి స్టీరింగ్ పట్టుకోవాల్సింది ఎడమ చెయ్యే, గేరు మార్చాల్సింది కూడా అదే. సెకండ్‌లో దిగుతున్న బండికి మలుపు దగ్గర ఫస్ట్ వెయ్యాలంటే, ఆ అర సెకను స్టీరింగ్‌ని మోచేత్తోనో మోకాలితోనో ఆపాలి. పక్క సీట్లో బావ కూర్చుని ఉన్నాడు, ఒక చెయ్యి సాయం పట్టగలడు. పడతాడా? అడగడానికి వీడికి నోరొస్తుందా? ఇప్పుడే కొట్టాడు కదా. ఇలాంటి సీన్‌కి నేను మూడు పేజీలు ఇస్తాను. గుద్దుకి నాలుగు వరుసలు చాలు. ఎక్కువమంది దీన్ని తిరగేస్తారు.

శరీరం గురించి ఇంకొన్ని తెలిసి ఉండాలి. తల మీద కొడితే గంటసేపు పడి ఉండి, నీళ్ళు చల్లగానే లేచి డైలాగ్ చెప్పడం జరగదు. కొద్ది నిమిషాలకి మించి స్పృహ లేకపోతే అది పెద్ద గాయమే. లేచాక వాంతులు, మతిమరుపు, చెప్పిందే చెప్పడం ఉంటాయి. భుజంలో బుల్లెట్ అంటే చిన్న విషయం అనుకుంటారు. భుజం దగ్గర పెద్ద రక్తనాళం, చేతికంతటికీ వెళ్ళే నరాల కట్ట ఉంటాయి, ఆ చెయ్యి మళ్ళీ లేవకపోవచ్చు. క్లోరోఫామ్ రుమాలు పెట్టగానే పడిపోవడం కూడా కట్టుకథే, నిమిషాలు పడుతుంది. పక్కటెముక విరిగితే కట్టు కట్టేదేమీ ఉండదు, ఆరు వారాల పాటు దగ్గినా నవ్వినా పొడుస్తుంది. ఆ నవ్వు దగ్గర నొప్పి మీ నాలుగో అధ్యాయంలో ఎంత పనికొస్తుందో చూసుకోండి.

కొట్లాటలో ఉన్నవాడికి చూపు ఇరుకైపోతుంది, శబ్దాలు దూరంగా వినిపిస్తాయి, తర్వాత చేతులు వణుకుతాయి, జరిగింది ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది. కాబట్టి పాత్ర కళ్ళతో రాస్తున్నప్పుడు గది నాలుగు మూలలూ వర్ణించకండి. వాడికి కనిపించేది ఒక్క వస్తువు. అది ఏ వస్తువో ఎంచుకోవడంలోనే మీ పనితనం ఉంది. పైన నేను తలగుడ్డ ఎంచుకున్నాను. ఊళ్ళో పెద్దమనిషిగా తిరిగే బావకి అది పడిపోవడం దెబ్బకంటే ఎక్కువ.

చావులు

చంపక తప్పనప్పుడు నేను చేసే పని ఒకటుంది. పాత్రని చంపకముందే ఆ పాత్రకి శవ పంచనామా రాస్తాను. అనుమానాస్పద మరణాల్లో పోలీసులు పంచాయతీదార్ల ఎదుట శవాన్ని చూసి రాసే కాగితం ఇది, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 194వ సెక్షన్ కింద జరుగుతుంది. క్రైమ్ బీట్‌లో ఇవి చదివీ చదివీ నాకు ఆ భాష అంటే ఒక రకమైన గౌరవం వచ్చింది. ఏడవదు, ఏదీ వదలదు.

"మృతుడు సుమారు 35 సంవత్సరముల వయసు గల మగమనిషి. నీలం గళ్ళ లుంగీ ధరించి యున్నాడు. చొక్కాకు రెండవ గుండీ వేరే రంగుది కుట్టబడి యున్నది. జేబులో 40 రూపాయలు, సగం వరకు టిక్కులు పెట్టిన కిరాణా చీటీ ఒకటి కలవు."

వేరే రంగు గుండీ కుట్టింది ఎవరు? చీటీలో మిగతా సగం ఎందుకు కొనలేదు? ఈ రెండూ చావుకి ముందు సీన్లలో, ఎవరూ పట్టించుకోనంత మామూలుగా కనిపించాలి. గుండీ ఊడినప్పుడు భార్య విసుక్కుంటుంది, అంతే. ఆ తర్వాత పంచనామా వాక్యం వస్తే మీరు "గుండె పగిలింది" అని రాయక్కర్లేదు. కిరాయి హంతకుడికి, డ్రైవర్‌కి, కాపలావాడికి కూడా ఇది రాయండి. కథలో వాడకపోయినా, చంపాలా వద్దా అన్నది తేలుతుంది. నా దగ్గర ఇలా బతికిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.

దెబ్బ తర్వాత వ్యవస్థ కూడా కదులుతుంది, దాన్ని వదిలేస్తే బోలెడు టెన్షన్ వదులుకున్నట్టే. సింహాద్రి చెయ్యి చూపించుకోవడానికి నర్సీపట్నం ఆసుపత్రికి వెళ్తే డ్యూటీ డాక్టర్ ఎలా తగిలిందని అడుగుతాడు. కొట్లాట అంటే ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు రాస్తాడు, పోలీసులకి కబురు వెళ్తుంది. బండి డోరులో పడిందంటే ఎక్స్‌రే చూసి డాక్టర్ ఒక క్షణం ఆగుతాడు. అబద్ధం అప్పుడు మొదలవుతుంది. అరెస్ట్ చేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరు పెట్టాలి, మీకు గడియారం ఉచితంగా దొరికినట్టే. సెక్షన్లు సరిచూసుకోండి. 2024 జులై 1 నుంచి హత్య కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 103, హత్యాయత్నం 109. అంతకుముందు జరిగిన నేరమైతే పాత ఐపీసీ 302, 307. అయితే పాత హెడ్ కానిస్టేబుల్ పాత్ర మాటల్లో "త్రీ నాట్ టూ" అనే అననివ్వండి, ఆ అలవాటు ఇప్పట్లో పోదు.

చెక్‌పోస్ట్ దగ్గర కాటా సీన్ వస్తే తొందరపడొద్దు. జీపు బానెట్ మీద ఎలక్ట్రానిక్ కాటా, పక్కన వీఆర్వో మధ్యవర్తిగా, ఒక్కో కట్ట పెడుతుంటే స్టేషన్ రైటర్ అంకె రాసుకుంటున్నాడు. రాత్రి వాన పడింది, బస్తాలు తడిశాయి. సింహాద్రి మనసులో 18. కాటా మీద ఇప్పటికే 18.6, ఇంకో కట్ట మిగిలే ఉంది. బావ సింహాద్రి వైపు చూడటం లేదు. ఆ ఆఖరి కట్ట ఎప్పుడు లోపల పెట్టాడో సింహాద్రికి అర్థమయ్యే క్షణం ఇదే. ఈ కథలో పెద్ద హింస ఇదే, ఇక్కడ ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు.

స్క్రీన్ కోసం రాస్తుంటే ఒక మాట. ఇప్పుడు సెన్సార్‌లో యూఏకి 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు మెట్లున్నాయి. పెద్దలకు మాత్రమే అనే "ఏ" సర్టిఫికెట్ వస్తే ఆ సినిమా ఉన్నదున్నట్టు టీవీలో రాదు, కత్తిరించి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కాబట్టి నిర్మాత ఎప్పుడో ఒకప్పుడు "రక్తం తగ్గిద్దాం" అంటాడు. మీ సీన్ బలమంతా రక్తంలోనే ఉంటే ఆ రోజు ఏమీ మిగలదు. బావ మాటలో, విరిగిన చేతిలో, కాటా మీద అంకెలో ఉంటే ఎంత కోసినా మిగులుతుంది. ఫైట్ మాస్టర్‌కి కూడా "ఇక్కడ అదిరిపోవాలి" అని కాకుండా "ఈ దెబ్బతో ఇతని కుడి చెయ్యి పోవాలి, తర్వాత సీన్‌లో స్టీరింగ్ పట్టలేడు" అని రాసివ్వండి. వాళ్ళు దానికి తగ్గట్టే కంపోజ్ చేస్తారు.

విలన్ గురించి ఎక్కువ చెప్పను. వాడికీ పోయేది ఒకటి ఉండాలి, అది డబ్బు కాకూడదు.

ఆఖర్న దిద్దుకునేటప్పుడు ప్రతి ఫైట్‌నీ తీసేసి చదవండి. తీసేసినా తర్వాతి పేజీ అలాగే నడుస్తుంటే ఆ ఫైట్ అక్కర్లేదు. ఒకటికి రెండు చోట్ల ఒకే రకం నష్టం ఉంటే ఒకటి కొట్టెయ్యండి. ఇంకో ముఖ్యమైన పని, అక్క సీన్‌ని వాయిదా వెయ్యొద్దు. కొట్టిన మర్నాడే సింహాద్రి ఆ ఇంటికి వెళ్ళాలి. ఆమె ఏడుస్తుందా, తిడుతుందా, చీటీ డబ్బు గురించి అడుగుతుందా అన్నది మీ ఇష్టం. ఆ సీన్‌లో క్షమించడం మాత్రం పెట్టకండి. క్షమిస్తే క్లైమాక్స్‌కి మీ చేతిలో ఏమీ ఉండదు.