స్టాక్‌లో బ్యాటరీ పెట్టాక రైఫిల్ పేలడం లేదా? గేర్‌బాక్స్ విప్పే ముందు ఇవి చూడండి

"అన్నా, గేర్‌బాక్స్ పోయిందన్నా."

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. నిన్నటిదాకా బాగా పనిచేసిన ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ (ప్లాస్టిక్ గుళ్లు పేల్చే ఆట తుపాకీ) కొత్త స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) బిగించి బ్యాటరీని అందులోకి మార్చిన రోజే మొరాయిస్తుంది. మారింది స్టాకే అయినా అనుమానం మాత్రం గేర్‌బాక్స్ మీదికి, అంటే మోటారుతో తిరిగి స్ప్రింగు, పిస్టన్‌లను లాగే గేర్ల పెట్టె మీదికి పోతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. పైగా స్క్రూడ్రైవర్ అప్పటికే చేతిలో ఉంటుంది. గుంటూరు కుర్రాడొకడు గేర్‌బాక్స్ మొత్తం విప్పి, స్ప్రింగులు స్వీట్ డబ్బాలో పోసుకుని విజయవాడ దాకా తెచ్చాడు. అతని సమస్యల్లా ఫ్యూజు.

ఇక్కడ చెప్పేది వైర్లు వెనక నుంచి వచ్చే ఎం4 రకం ఎలక్ట్రిక్ రైఫిళ్ల గురించి. వైర్లు గేర్‌బాక్స్ వెనక నుంచి బయల్దేరి, బఫర్ ట్యూబు (స్టాక్ ఎక్కే గొట్టం) గుండా స్టాక్‌లోని బ్యాటరీ దాకా వస్తాయి. మేగజీన్ తీసేయడం, లోపల బీబీ (ప్లాస్టిక్ గుండు) మిగిలిపోకుండా చూడటం, కళ్లజోడు పెట్టుకోవడం మీకు తెలిసినవే. బ్యాటరీ రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) అనుకుని చెబుతున్నాను.

ఏ లక్షణమైనా ముందు ఇది

స్టాక్ కింది లివర్ లాగి, స్టాక్‌ను ట్యూబు మీంచి పూర్తిగా ఊడదీయండి. బ్యాటరీని బయటే పెట్టి నేరుగా కనెక్టర్‌కు తగిలించి, రెండు మూడు సార్లు ట్రిగ్గర్ నొక్కండి. రైఫిల్ చక్కగా పనిచేసిందంటే గేర్‌బాక్స్, మోటారు దాదాపు నిర్దోషులే. తప్పు స్టాక్‌లోనో, వైర్లు పోయే దారిలోనో ఉంది. అర నిమిషం పని. ఫోన్ చేసిన ప్రతివాణ్నీ ముందు ఇదే అడుగుతాను. "చూశావా?" అంటే అవతలి నుంచి మాట రాదు.

బయట పెట్టినా పేలకపోతే బ్యాటరీని మల్టీమీటరుతో సెల్లు సెల్లుగా కొలవండి. ఒక్కో సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. 3.5కి దిగితే ఆట ఆపి చార్జింగ్ పెట్టాలి. 3 కంటే కిందికి వెళ్లినదాన్ని నమ్మలేం. మొత్తం వోల్టేజీ ఒక్కటే చూస్తే మోసపోతారు. 7.6 అని బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ అందులో ఒక సెల్ 4.1, రెండోది 3.5 అయి ఉండొచ్చు. ఒక్కో సెల్‌ను విడిగా కొలవడానికి బ్యాటరీకున్న తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్గు పనికొస్తుంది.

ట్రిగ్గర్ నొక్కితే చడీచప్పుడూ లేదు

ఫ్యూజు. స్టాక్ లోపలే, వైరు మీద చిన్న డబ్బీలో ఉంటుంది. చాలా రైఫిళ్లలో 20 లేదా 25 ఆంపియర్లది. కార్లలో వాడే బ్లేడు రకమైతే ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల కొట్లో అడిగినా ఇస్తారు. కొత్తది వేశాక పనిచేస్తే సంతోషం. మళ్లీ పోతే మాత్రం ఇంకా పెద్దది వేయకండి, సిగరెట్ పెట్టెలో రేకు చుట్టకండి. ఇంట్లో ఫ్యూజు పోతే రాగి పోగులు నాలుగు మెలేసి చుట్టడం మనకు వంశపారంపర్యంగా వచ్చిన విద్య. లైపో దగ్గర ఆ విద్య చూపిస్తే మంట వచ్చేది భుజం పక్కనే.

ఫ్యూజు పదేపదే పోవడానికి నేను చూసినవి రెండే కారణాలు. ఒకటి, ట్యూబు మధ్యలోని పొడవాటి బోల్టు బిగించేటప్పుడు వైరు పక్కకు జరిగి వాషర్ కింద నలిగిపోవడం. బోల్టు తిప్పేటప్పుడు రెండు వైర్లనూ వేలితో పక్కకు పట్టుకుంటే ఇది జరగదు. రెండోది, స్టాక్‌తో పాటు కనెక్టర్ కూడా మార్చినవాళ్లు ప్లస్, మైనస్ తారుమారు చేయడం. అప్పుడు మోటారు వెనక్కి తిరగబోతుంది. గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం దాన్ని పట్టేస్తుంది. తిరగలేని మోటారు కరెంటంతా లాగేసి ఫ్యూజు కాలుస్తుంది. మాస్‌ఫెట్ (కరెంటును ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉన్న రైఫిలైతే ఫ్యూజు కంటే ముందు అదే పోవచ్చు. సోల్డరింగ్ చేశాక వైరు రంగు చూసి సరిపెట్టుకోకుండా మీటరుతో ఒకసారి చూడండి.

ఒక్క దెబ్బ పేలి ఆగిపోయింది

సెమీలో (నొక్కిన ప్రతిసారీ ఒక్క దెబ్బ) ఒక్కసారి పేలి, తర్వాత "టిక్" అని ఊరుకుంటే చాలాసార్లు బ్యాటరీ నీరసమే కారణం. పిస్టన్ సగం దారిలో ఇరుక్కుంది. సెలెక్టర్ మీటను ఆటోలోకి (వరస దెబ్బలు) తిప్పి ఒకసారి నొక్కితే వదిలేస్తుంది. వదలకపోతే నిండు బ్యాటరీ పెట్టి చూడండి.

స్టాక్‌లో పట్టాలని సన్నటి బ్యాటరీ కొన్నవాళ్లకు ఇది ఎక్కువ. లెక్క సులువే: 1100 ఎంఏహెచ్ (సామర్థ్యం, అంటే 1.1 ఆంపియర్ అవర్లు), 15సి (దానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో) అని రాసి ఉంటే అది నిలకడగా ఇవ్వగలిగింది 1.1 ఇంటూ 15, అంటే 16.5 ఆంపియర్లు. గట్టి స్ప్రింగు ఉన్న రైఫిల్‌కు అది చాలదు. అదే సైజులో 25సి తీసుకోండి.

స్టాక్ బయటికి లాగితే పేలుతుంది, లోపలికి నొక్కితే పేలదు

నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

నా సొంత రైఫిల్‌కే వచ్చింది. నున్న వైపు మామిడి తోటలో ఆడుతున్నాం. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది, తర్వాత దెబ్బ దెబ్బకూ నెమ్మదించింది. మోటారు మూలిగినట్టు తిరిగి ఆగిపోయింది. ఇంటికొచ్చి టేబుల్ మీద పెట్టి నొక్కితే మిషన్ కుట్టినట్టు పేలుతోంది. బ్యాటరీ 8.1 వోల్టులు. మోటారు దగ్గర కొలిస్తే అక్కడా 8.1. వైరింగ్‌లో లోపం లేదని తేల్చేసుకుని ట్రిగ్గర్ కాంటాక్టులు మార్చాను. తర్వాతి ఆదివారం తోటలో మళ్లీ అదే కథ. ఈసారి రెండు వేలు పైన పోసి మోటారు మార్చాను. ఆ తర్వాతి ఆదివారమూ అదే. గేర్‌బాక్స్ రెండుసార్లు విప్పి గ్రీజు రాశాను. పైన చెప్పిన స్టాక్ ఊడదీసే పరీక్ష కూడా చేశాను, అందులో పాసైపోయింది; ఇంట్లో మామూలుగానే పేలుతోంది కాబట్టి దాంతో ఏమీ తేలలేదు. టెన్షన్‌తో పిచ్చెక్కింది.

చివరికి పట్టుకుంది మా బావమరిది. రైఫిల్ ఎత్తిపెట్టడానికి స్టాక్ దగ్గర పట్టుకుని, "బావా, ఇక్కడ కాలుతోందేంటి?" అన్నాడు. ట్యూబు చివర వేలు పెట్టలేనంత వేడి.

స్టాక్ తీసి చూస్తే ఎర్ర వైరు పైతొడుగు ఎక్కడా తెగలేదు. ట్యూబు వెనక మూతి దగ్గర మాత్రం ఒక చోట గోరంత మేర నున్నగా మెరుస్తోంది. బ్లేడుతో తొడుగు చీల్చాను. లోపల రాగి పోగులన్నీ తెగి నల్లబడి ఉన్నాయి. వెంట్రుకల్లాంటివి ఐదో ఆరో మిగిలాయి, అంతే.

జరిగిందేమిటంటే, ట్యూబు కోసిన చోట లోపలి అంచు ఆకురాయి పట్టకుండా వదిలేశారు. స్టాక్ లోపలికి నొక్కినప్పుడల్లా, మిగులు వైరు ఆ అంచు మీద మడత పడుతుంది. లాగినప్పుడు చాపుకుంటుంది. ఒకే చోట ఇన్నిసార్లు వంగితే ఏ తీగైనా తెగుతుంది. తోటలో ఒంటి మీద మందపాటి వెస్టు ఉంటుంది కాబట్టి స్టాక్ లోపలికి నొక్కి ఆడతాను. ఇంట్లో టేబుల్ మీద స్టాక్ చాపి ఉంటుంది. చాపితే పోగులు ఒకదానికొకటి తగులుతాయి, మడిస్తే విడిపోతాయి. స్టాక్ ఊడదీసినా వైరు చాపుకునే ఉంటుంది. దొంగ ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమైందా?

మరి మీటరు 8.1 ఎందుకు చూపించింది? మీటరు కరెంటు దాదాపు లాగదు. దానికి ఒక్క పోగు తగిలి ఉన్నా చాలు. బందరు కాలువ తూము మూసి చిన్న సందు వదిలారనుకోండి. కాసేపటికి అటూ ఇటూ నీటిమట్టం సమానమే అవుతుంది. మట్టం మాత్రమే కొలిచేవాడికి తూము తెరిచే ఉన్నట్టు లెక్క. అవతల ఇంజను పెట్టి తోడితేనే నీళ్లు రావడం లేదని తెలుస్తుంది. అందుకే లోడు పెట్టి, అంటే కరెంటు లాగే వస్తువు తగిలించి, కొలవాలి.

లోడుకి కార్లలో వాడే 12 వోల్టుల, 55 వాట్ల హాలోజన్ బల్బు చాలు, పాతదైనా పర్లేదు. మోటారు నుంచి రెండు వైర్లూ పీకి వాటికి బల్బు తగిలించండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే బల్బు వెలుగుతుంది, 3.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. గాజు సుర్రుమంటుంది, ప్లాస్టిక్ మీద పెట్టకండి. ఇప్పుడు మీటరు ఒక పుల్లను బ్యాటరీ ప్లగ్గులో ఎర్ర వైరు దగ్గర, రెండో పుల్లను అదే ఎర్ర వైరు మోటారు చివర పెట్టండి. ఒకే వైరుకు రెండు చివర్ల మధ్య ఎంత వోల్టేజీ పోతోందో చూస్తున్నామన్నమాట. నలుపు వైరుకూ ఇలాగే. మంచి వైరైతే అడుగు పొడవుకు 0.02 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. ట్రిగ్గర్ స్విచ్ ఉన్న వైపు ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి. అసలు చూడాల్సింది అంకె కాదు, అంకె కదలడం. ఒకరు స్టాక్‌ను మెల్లగా లోపలికీ బయటికీ జరుపుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఒక్కసారిగా 0.4, 0.5కి ఎగిరిందా, దొరికినట్టే. బల్బు వెలుగు కూడా కాస్త తగ్గుతుంది.

అర వోల్టే కదా అనుకోవద్దు. 3.5 ఆంపియర్లకే అర వోల్టు పోతే మోటారు 15 ఆంపియర్లు లాగినప్పుడు 2 వోల్టుల పైన పోతుంది. అంటే గోరంత చోట 30 వాట్ల వేడి. మనం టంకం పెట్టే సోల్డరింగ్ ఐరనే 25 వాట్లు.

దీనికి టేపు చుట్టడం వైద్యం కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నల్ల టేపు జిగురు కారి వైరు మీద జారిపోతుంది, లోపల తెగిన పోగులు ఎలాగూ అతకవు. ట్యూబు విప్పి, వెనక మూతి లోపలి అంచును గుండ్రటి ఆకురాయితో అరగదీసి, సన్న గరుకు కాగితం పట్టండి. పాత బనియను గుడ్డ వేలికి చుట్టి అంచు చుట్టూ తిప్పితే ఒక్క దారం కూడా చిక్కుకోకూడదు. అల్యూమినియం రజను పూర్తిగా దులపండి. వైరును మంచి రాగి కనిపించేదాకా వెనక్కి కోసేసి, 16 గేజి సిలికాన్ వైరు అతకండి. మామూలు పీవీసీ వైరు వద్దు, అది బిర్రుగా ఉండి మళ్లీ అక్కడే విరుగుతుంది. అతుకు ట్యూబు మధ్యలో, వైరు వంగని చోట పడాలి. దాని మీద హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం), మూతి దాటే చోట అల్లిన గొట్టం తొడగండి. వైరు పొడవు స్టాక్‌ను పూర్తిగా చాపి చూసుకోవాలి. అప్పుడు బిగుసుకోకూడదు, రెండు వేళ్ల వెడల్పుకు మించి వేలాడకూడదు. పనికొస్తుందని బారెడు వదిలేస్తే ఆ మిగులే మడత పడేది.

బ్యాటరీ పట్టడం లేదు, మూత పడటం లేదు

కొన్నది తప్పు రకం. పక్కన రెండు గొట్టాలున్న క్రేన్ స్టాక్‌కు రెండు ముక్కలుగా విడిపోయే బ్యాటరీ కావాలి, ఒకే కడ్డీలా ఉన్నది కాదు. రకం సరైనదే అయినా మూత పడకపోతే, బ్యాలెన్స్ వైర్లు మూత కింద ఇరుక్కున్నాయేమో చూడండి. బలవంతంగా నొక్కితే అవే ముందు తెగి షార్టవుతాయి. ఇంతకుముందు పట్టిన బ్యాటరీ ఇప్పుడు పట్టడం లేదంటే అది ఉబ్బింది. మే నెలలో స్కూటర్ డిక్కీలో పెట్టి బెంజ్ సర్కిల్ ఎండలో రెండు గంటలు వదిలేస్తే ఉబ్బక ఏం చేస్తుంది? దాన్ని ఇక వాడకండి. బ్యాటరీ ట్యూబు లోపలికి దూరే రకాల్లో స్టాక్ పూర్తిగా లోపలికి పోదు. అది లోపం కాదు.

స్టాక్ ఊగుతోంది

ట్యూబుతో సహా ఊగితే లోపలి బోల్టు వదులైంది. ట్యూబు మీద స్టాక్ మాత్రమే ఊగితే సైజు తేడా: మిల్‌స్పెక్ (సైనిక కొలత) ట్యూబు బయటి వ్యాసం దాదాపు 29.2 మిల్లీమీటర్లు, కమర్షియల్‌ది 29.7. ఎయిర్‌సాఫ్ట్ కంపెనీలు ఈ రెండింటినీ కచ్చితంగా పాటించవు, కాబట్టి కొనేముందు మీ ట్యూబును వెర్నియర్‌తో కొలుచుకోండి. కొద్ది ఊగిసలాటకు ట్యూబు మీద ఒక వరస టేపు చాలు. టేపుకు ఉన్న న్యాయమైన పని అదొక్కటే.

మోటారు బ్రష్షులు అరగడం, సెమీలో ఒక్క దెబ్బకే ఆపే కట్-ఆఫ్ లివర్ విరగడం, ఆర్మేచర్ కాలడం లాంటివి ఉంటాయి, కాదనను. కానీ స్టాక్ మార్చిన రోజే అవి పోవడం నేను చూసింది ఒకటీ అరా. పైవన్నీ అయ్యాక ఆలోచిద్దాం.

అంతా బిగించాక ఆఖరి పరీక్ష ఇలా చేయండి. స్టాక్ పూర్తిగా లోపలికి నొక్కి పది, సగంలో పది, పూర్తిగా చాపి పది దెబ్బలు. తర్వాత ట్యూబు చివర చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా కూడా ఉండకూడదు. ఇదంతా ఇంట్లోనే, గోడ వైపు తిప్పి చేయండి. డాబా మీద చేస్తే పక్కింటి పిన్నిగారికి అది అచ్చం ఏకే47లా కనిపిస్తుంది, 112కి ఫోన్ వెళ్తుంది. మా వీధిలో వెళ్లింది.