చలికి ఎయిర్ కంప్రెసర్ మొరాయించకుండా ఉండాలంటే
కెనడాలోని ఆల్బెర్టా లాంటి చోట్ల, మైనస్ 40 దాకా పడిపోయే చలిలో స్క్రూ కంప్రెసర్ (తిరిగే మరల మధ్య గాలిని నొక్కి ప్రెజర్ పెంచే మెషీను) ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది మోటారును కాదు, నీళ్లను. గాలిలోని తేమ నీరుగా మారి ట్యాంకు అడుగున, డ్రెయిన్ వాల్వులో, ముఖ్యంగా ప్రెజర్ స్విచ్‌కి వెళ్లే పెన్సిలంత సన్నటి ట్యూబులో గడ్డకడుతుంది. అది మూసుకుపోతే లోపల ప్రెజర్ ఎంతుందో మెషీనుకే తెలియదు. అందుకే ఆ ట్యూబుకీ డ్రెయిన్‌కీ హీట్ ట్రేస్ కేబుల్ (కరెంటుతో వేడెక్కే తీగ) చుట్టి పైన ఇన్సులేషన్ వేయండి, షిఫ్టుకోసారి డ్రెయిన్ చేత్తో తెరిచి చూడండి.

గాలిని చల్లబరిచి తేమ తీసే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 3 డిగ్రీల దగ్గరే ఆగుతుంది కాబట్టి పైపులైను ఆరుబయటికి వెళ్తే అది చాలదు. తేమను పీల్చే గుళికలుండే డెసికెంట్ డ్రయ్యర్ పెట్టండి; మామూలుగా మైనస్ 40 డ్యూ పాయింట్ ఇస్తుంది, మరీ చలి చోట్లకి మైనస్ 70 రకం కూడా ఉంది. ఖర్చు ఎక్కువే, అయినా తప్పదు.

ఆయిల్ చలికి తేనెలా చిక్కబడుతుంది. కంపెనీ మాన్యువల్ ఒప్పుకున్న సింథటిక్ ఆయిల్ పోసి, సంప్ హీటర్ (ఆయిల్ నిలిచే తొట్టిని వేడిచేసేది) వేసి, గది 5 డిగ్రీలకి తగ్గకుండా చూడండి. కంప్రెసర్ వదిలే వేడిగాలినే, తెరిచి మూసే రెక్కలుండే లూవర్‌తో లోపలికి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. గడ్డకట్టిన పైపుకి మాత్రం దయచేసి మంట పెట్టకండి.