ముందు ప్రశ్న, తరువాతే వాక్యం: తెలుగులో సమాచార నిర్మాణాన్ని పరిశోధించే పద్ధతి

ఇంట్లో మామిడిపండు కనిపించక తల్లి “పండు ఎవరు తిన్నారు?” అని అడిగితే “రవి తిన్నాడు” అని జవాబు వస్తుంది. “రవి ఏం తిన్నాడు?” అని అడిగితే “మామిడిపండు తిన్నాడు” అని వస్తుంది. జరిగిన సంగతి ఒక్కటే అయినా, వినేవారికి ఇదివరకే తెలిసినది ఏది, ఇప్పుడు కొత్తగా అందవలసినది ఏది అన్నదాన్ని బట్టి వాక్యం రూపం మారుతుంది. ఈ అమరికనే భాషాశాస్త్రంలో సమాచార నిర్మాణం అంటున్నాం. ప్రేగ్ పండితుడు విలెం మతేసియస్ దీన్ని ముందే పట్టించుకున్నా, ఈ పేరుతో విషయాన్ని స్థిరపరచినది 1967లో బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త ఎం.ఎ.కె. హాలిడే రాసిన వ్యాసాలు. అడిగిన ప్రశ్నకు జవాబుగా నిలిచే భాగాన్ని ఫోకస్ అనీ, వాక్యం దేని గురించి చెబుతున్నదో దాన్ని టాపిక్ అనీ, మాట్లాడేవారి, వినేవారి ఇద్దరి మనసులోనూ అప్పటికే ఉన్నదాన్ని పూర్వజ్ఞాతం అనీ ఇక్కడ వాడుతున్నాను.

ఉస్మానియాలోనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో, ఇఫ్లూలోనో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) భాషాశాస్త్రం చదువుతూ తెలుగు మీద మొదటిసారి ఇటువంటి పరిశోధనకు పూనుకునేవారిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వారికి నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటే: ఫోకస్‌ను ప్రశ్నతో గుర్తించండి, రూపంతో గుర్తించకండి. “నొక్కి చెప్పే ‘ఏ’ (రవి: రవే) చేరిన పదమే ఫోకస్” అని ముందే నిర్ణయించుకుని, ఆ తరువాత “తెలుగులో ఫోకస్‌కు ‘ఏ’ చేరుతుంది” అని తేల్చితే, మనం ముందే పెట్టుకున్నదాన్ని మళ్ళీ కనుగొన్నట్టే అవుతుంది.

ఒంటరి వాక్యాన్ని చూపించి “ఇలా అంటారా?” అని అడిగినా ఇదే చిక్కు వస్తుంది. వినేవారు తమకు తోచిన సందర్భాన్ని మనసులో ఊహించుకుని దానికి తగ్గట్టు జవాబిస్తారు, ఆ సందర్భం మనకు కనిపించదు. ఇంగ్లీషు వాక్యాలిచ్చి అనువదించమనడం అంతకంటే హానికరం. నేను మొదట్లో అలా సేకరించిన వాక్యాలన్నీ ఒకే క్రమంలో, కర్త ముందు, క్రియ చివర వచ్చాయి. అదే మనుషులు ఆ తరువాత టీ తాగుతూ మాట్లాడుకుంటున్నప్పుడు “వచ్చిండా వాడు?”, “ఇచ్చేసినా నేను” అని క్రియ తరువాత పదాలు పెడుతూనే ఉన్నారు.

కనుక ఒక సాదా వాక్యాన్ని తీసుకుని దాని చుట్టూ ప్రశ్నలు అల్లుకోవాలి. “మల్లన్న మేనమామను రమ్మన్నాడు” అనే వాక్యం ఇందుకు బాగా పనికివస్తుంది. “ఏమైంది?” అంటే వాక్యమంతా కొత్తది. “మేనమామను ఎవరు రమ్మన్నారు?” అంటే కర్త, “మల్లన్న ఎవర్ని రమ్మన్నాడు?” అంటే కర్మ ఫోకస్ అవుతాయి. “మల్లన్న తమ్ముణ్ని రమ్మన్నాడా?” అని అడిగినప్పుడు “కాదు, మేనమామను రమ్మన్నాడు” అని దిద్దుతూ చెప్పేది వ్యత్యాస ఫోకస్. ఈ వాక్యాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, మ, న, ల, ర వంటి నాదధ్వనులు నిండుగా ఉన్న పదాల్లో స్వరస్థాయి (గొంతు హెచ్చుతగ్గుల) గీత తెగకుండా కనిపిస్తుంది. క, ట, ప, స వంటివి వచ్చినచోటల్లా అది విరిగిపోతుంది. రెండవది, కర్త పుంలింగం కావడం.

ఈ రెండవ కారణం చిన్నదిగా కనిపించినా, తెలుగు మీద పనిచేసేవారికి చాలా ముఖ్యమైనది. తెలుగులో ఫోకస్‌ను విడదీసి చెప్పే బలమైన సాధనం “రమ్మన్నది మల్లన్న”, “నేను వచ్చింది కోఠి నుంచి” వంటి వాక్యాలు. వీటిలో క్రియ “ది”తో ముగిసే నామరూపంగా మారుతుంది. ప్రశ్నార్థకమైన “ఆ” క్రియకు చేరితే “రవి వచ్చాడా?” అంటాం, పేరుకు చేరితే “రవా వచ్చింది?” అంటాం. కర్త పుంలింగం కాబట్టి “వచ్చాడు” కాక “వచ్చింది” అన్నప్పుడు నిర్మాణం మారిందని వెంటనే తెలుస్తుంది. కర్త సీత అయితే “సీత వచ్చింది” మామూలు వాక్యంలోనూ ఇదే రూపం కనుక, “సీతా వచ్చింది?” అన్నదాంట్లో ఉన్నది ఏ నిర్మాణమో రూపాన్ని చూసి చెప్పలేం.

ఈ నిర్మాణానికి “ఇతరులెవరూ కాదు” అనే అర్థం తప్పనిసరిగా ఉన్నదా అన్నది పరీక్షించవలసిన విషయం. ఒకరు “పండు తిన్నది రవి” అంటారు. సీత కూడా తిన్నదని తెలిసిన మరొకరు “అవును, సీత కూడా తిన్నది” అంటే సహజంగా ఉంటుందా, “కాదు, సీత కూడా తిన్నది” అంటే సహజంగా ఉంటుందా అని అడగాలి. “కాదు” సహజమనిపిస్తే ఆ అర్థం నిర్మాణంలోనే ఉన్నట్టు. అదే పరీక్షను “రవి తిన్నాడు”కూ, “రవే తిన్నాడు”కూ, “రవి మాత్రమే తిన్నాడు”కూ పెట్టి పోల్చాలి. “మాత్రమే”నూ “మాత్రం”నూ కలపకూడదు. “అందరూ వచ్చారా?” అన్నప్పుడు “రవి వచ్చాడు, మల్లన్న మాత్రం రాలేదు” అంటే, మల్లన్న అక్కడ పక్కవారితో పోల్చి నిలబెట్టిన టాపిక్. పని మొదలుపెట్టే ముందు 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని చదువుకోవడం మేలు.

అడిగి చెప్పించిన జవాబులతోపాటు సహజ సంభాషణ కూడా కావాలి. పూర్తిగా స్వేచ్ఛగా మాట్లాడనిస్తే మనకు కావలసిన సందర్భాలు అరుదుగా వస్తాయి కనుక మధ్యేమార్గాలు ఎంచుకోవాలి. అమెరికా భాషాశాస్త్రవేత్త వాలెస్ చేఫ్ బృందం 1975లో తీసిన, మాటలు లేని, ఆరు నిమిషాల పియర్ పండ్ల చిత్రాన్ని చూపించి, దాన్ని చూడని వ్యక్తికి కథగా చెప్పమనవచ్చు. “ఒక పిలగాడు సైకిల్ మీద వచ్చిండు” అని ప్రవేశపెట్టిన మనిషిని తరువాత “ఆ పిలగాడు” అంటారా, “వాడు” అంటారా, అసలు కర్తే చెప్పకుండా వదిలేస్తారా, “బుట్ట ఎత్తుకపోయిండు” అంటారా, “బుట్టను” అంటారా అని గమనించాలి. జర్మనీలోని పోట్స్‌డాం పరిశోధకులు 2006లో రూపొందించిన సమాచార నిర్మాణ ప్రశ్నావళిలోని బొమ్మల పనులు కూడా అక్కరకు వస్తాయి, అయితే బొమ్మలను మన ఊరికి తగ్గట్టు మార్చుకోవాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది పటం పని. ఎడిన్‌బరో, గ్లాస్గో పరిశోధకుల పటం సంభాషణలు 1991 నుంచి ప్రసిద్ధం. ఇద్దరికీ చెరొక పటం ఇచ్చి, ఒకరిది మరొకరికి కనబడకుండా కూర్చోబెట్టి, ఒకరు దారి చెబితే మరొకరు గీయాలి. రెండు పటాల్లోనూ కొన్ని గుర్తులు తేడాగా ఉంటాయి. మొజంజాహీ మార్కెట్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఒక ఊహాపటం గీసి, ఒకదాంట్లో ఇరానీ హోటల్ పక్కన, మరొకదాంట్లో మందుల షాపు పక్కన మలుపు పెట్టండి. “హోటల్ పక్కకెల్లి కాదు, మందుల షాపు పక్కకెల్లి” అనే దిద్దుబాటు మాటలు ఎవరూ అడగకుండానే వస్తాయి.

హైదరాబాద్‌లో మాట్లాడేవారిని ఎంచుకోవడంలో శ్రద్ధ అవసరం. మెహదీపట్నంలో పుట్టి పెరిగినవారు, కరీంనగర్ నుంచి వచ్చినవారు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవారు ఒకే హాస్టల్ గదిలో ఉంటారు. ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఏ భాష, దక్కనీ ఉర్దూ ఎంత వాడతారు అన్నవి నమోదు చేసి, ప్రశ్నను వారి మాటతీరులోనే అడగాలి. “వచ్చిండు” అనే మనిషిని “వచ్చాడా?” అని అడిగితే వారు పుస్తకభాషలోకి జారిపోతారు. ఇంగ్లీషు మీడియంలో చదివిన చాలామంది తెలుగును ధారాళంగా మాట్లాడినా తడుముకుంటూ చదువుతారు కనుక ప్రశ్నలను చదివించకుండా వినిపించాలి. పెద్దలను మీరు అంటూ, ముందుగా అనుమతి తీసుకుని మొదలుపెట్టాలి.

రికార్డింగు సమయంలో ఫ్యాను ఆపి, తలకు తగిలించుకునే మైకుతో, 44.1 కిలోహెర్ట్‌జ్‌లో వేవ్ ఫైలుగా తీయండి. స్వరస్థాయిని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలిచి, స్త్రీపురుషుల గొంతులు పోల్చడానికి హెర్ట్‌జ్‌లను సెమిటోన్లలోకి (సంగీతంలోని అరస్వరాల కొలతలోకి) మార్చాలి. సంభాషణల లిప్యంతరీకరణకు ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఏది పూర్వజ్ఞాతం, ఏది కొత్తది అన్న గుర్తింపును ఇద్దరు విడివిడిగా చేసి, ఏకీభావాన్ని కోహెన్ కప్పాతో (యాదృచ్ఛికంగా కలిసినవాటిని మినహాయించి చూసే కొలతతో) లెక్కించాలి. ఇద్దరూ విభేదించినచోట్లను పక్కన పడేయకుండా మళ్ళీ చూస్తే తరచుగా నిర్వచనంలోని లోపం బయటపడుతుంది.

సహజత్వాన్ని 1 నుంచి 7 వరకు అంకెలతో కొలిచే ప్రయోగంలో, నాలుగు సందర్భాలకు 24 వాక్యాలు ఉంటే నాలుగు జాబితాలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క జాబితానే వినిపించాలి. ఒక్కొక్కరు ప్రతి వాక్యాన్నీ ఒక్క సందర్భంలోనే, అంటే సందర్భానికి ఆరు వాక్యాల చొప్పున వింటారు. మన ఉద్దేశం పసిగట్టకుండా కనీసం అన్నే ఇతర వాక్యాలు కలపాలి. లెక్కలు కట్టేటప్పుడు మనుషుల మధ్య తేడానూ, వాక్యాల మధ్య తేడానూ విడిగా పరిగణించే మిశ్రమ నమూనా వాడాలి.

ఫైళ్ళను భద్రపరచేటప్పుడు జవాబును మాత్రమే కత్తిరించి దాచకండి. ప్రశ్న రికార్డింగునూ జవాబునూ ఒకే ఫైలులో ఉంచి, ఏ సందర్భమో ఫైలు పేరులోనే రాసిపెట్టండి.